దిగి నడిచిన చోట్లు

మా నాయన నన్ను సైకిల్ ఎక్కించాడని మా తమ్ముడు శేఖర్ చెబుతుంటాడు. మెల్‌బోర్న్‌లో, పాయింట్ కుక్‌లోని వాడింట్లో పెరట్లో బార్బెక్యూ పెట్టినప్పుడల్లా, పెనం మీద చికెన్ తిప్పుతూ, చేతిలో పటకారు ఊపుతూ అదే కథ. ఆ కాలంలో, ఆ ఊళ్ళో, ఆడపిల్లకు సైకిల్ కొనిచ్చిన మొట్టమొదటి మనిషి మా నాయనట. ఆయన తల్లి, మా జేజి, గుండెలు బాదుకుందట, వీధి వీధంతా నవ్విందట, నాయన మాత్రం మీసం దువ్వుకొని 'నా బిడ్డ కాలేజీకి సైకిల్ మీదనే పోతుంది, ఎవుడేమంటాడో చూస్తా' అన్నాడట. వినేవాళ్ళు 'అబ్బ, ఎంత గొప్పోరండీ' అంటారు. నేను పళ్ళెంలో ఉల్లిపాయలు కెలుకుతూ ఊరుకుంటాను. ఊరుకోవడం నా స్వభావం కాదు, ఆ సంగతి మా ఆయన్ని అడిగినా చెబుతాడు. కానీ ఈ ఒక్క కథ దగ్గర నోరు పెగలదు. ముందుగా, మా నాయనకు మీసమే లేదు. సైకిల్ కొన్న మాట మాత్రం నిజం. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు శేఖర్ గోలీలాట వదిలేసి పరిగెత్తుకొచ్చి బెల్లు కొట్టిన మాటా నిజం. వాడు చూసింది ఆ ఒక్క రోజే. ఆ తర్వాత రోజులు చూసింది నేను.

ఈమధ్య లాంగ్ వీకెండ్‌కి వాడు కారేసుకొని కాన్‌బెర్రా వచ్చాడు. హారిసన్‌లో మా ఇంట్లో అప్పటికి వారం రోజులుగా డైనింగ్ టేబుల్ మీద అన్నం తినడం మానేశాం. టేబుల్ నిండా స్కాట్లాండ్. మా అమ్మాయి నీరజ పరిచిన మ్యాపులు. లేచిపోకుండా నాలుగు మూలలా నా పచ్చడి జాడీలే బరువులు. ఉద్యోగానికి సెలవు పెట్టి, స్కాట్లాండ్ కొండల్లో ఈ చివర నుంచి ఆ చివరకి సైకిల్ మీద పోతుందట. రోడ్డు మీద కాదు. రోడ్డు మీదైతే నాకూ కాస్త అర్థమయ్యేది. గొర్రెలు నడిచే దారులు, అడవి కొట్టేవాళ్ళు వేసుకున్న మట్టిబాటలు, పశువుల్ని సంతకు తోలిన పాతకాలపు కనుమలు వెతికి, ఒకదానికొకటి అతుకుతోంది. గుడారం, పొయ్యి, తిండి, బట్ట అన్నీ సైకిల్‌కే కట్టుకోవాలి. బైక్‌ప్యాకింగ్ అంటారట. మా ఊళ్ళో పాలవాళ్ళు క్యాన్లు కట్టుకొని పోయేవాళ్ళు, వాళ్ళకెవరూ ఇంత మంచి పేరు పెట్టలేదు అన్నాను. నీరజ నవ్వలేదు. మ్యాప్ మీద వంగి గీతలు గీస్తూనే ఉంది. తొక్కగలిగిన చోట పచ్చ గీత, కష్టమైన చోట నారింజ, దిగి నెట్టుకుంటూ పోవాల్సిన చోట ఎరుపు.

దానితో నేను చేయని వాదన లేదు. అక్కడి వానకు వాగులు గంటలో పొంగుతాయని అదే చెప్పింది, పొంగితే ఏం చేస్తావన్నాను. "వెయిట్ చేస్తా, లేకపోతే వెనక్కి తిరుగుతా. అందుకే ప్రతి వాగు దగ్గరా ఇంకో దారి పెట్టుకున్నా" అంది. కొండల మధ్య బాతీలని రాతి గుడిసెలుంటాయట, తాళం ఉండదు, కాపలా ఉండదు, దారిన పోయే ఎవరైనా పడుకోవచ్చట. తాళం లేని ఇంట్లో ఒంటరి ఆడపిల్లా అన్నాను. "అమ్మా, ఎవ్రీవన్ స్లీప్స్ దేర్" అంది. ఆ ఎవ్రీవన్ గురించే కదే నా భయమన్నాను. అది తెలుగు అర్థం చేసుకుంటుంది, జవాబు సగం ఇంగ్లీషులో ఇస్తుంది, కోపమొస్తే మొత్తం ఇంగ్లీషే. కానీ చివరికి ఒక మాటన్నది, దాంతో నేను ఓడిపోయాను. దాని సైకిల్‌కి శాటిలైట్ ట్రాకర్ ఒకటి ఉంటుంది. ఫోన్ సిగ్నల్ లేని కొండల్లో కూడా అది ఎక్కడుందో ఒక చుక్కగా ఇక్కడ మన ఫోన్‌లో కనబడుతుంది. ఆపద వస్తే అక్కడి రెస్క్యూ వాళ్ళు ఇంటి దగ్గరున్న ఒక మనిషికి ఫోన్ చేసి అడుగుతారు: ఈ మనిషి ఎవరు, ఎందరున్నారు, ఏ దారిన పోతున్నారు అని. ఆ మనిషి పేరు ముందే రాయాలి. "నీ పేరు రాశా అమ్మా. నువ్వెప్పుడూ ఫోన్ ఎత్తుతావుగా" అంది. ఆ తర్వాత ఏం వాదించను? మర్నాటి నుంచి అటుకులు పొడి చేసి, బెల్లమూ నువ్వులూ కలిపి, కొండల్లో తినడానికి ఉండలు ఎలా కట్టాలా అని చూడటం మొదలుపెట్టాను.

శేఖర్ వచ్చీ రాగానే మ్యాపులు చూసి, "ఇదంతా మా నాయన రక్తం!" అని కథ ఎత్తుకున్నాడు. మీసమూ వచ్చింది, ఛాలెంజూ వచ్చింది. నీరజ పెన్ను కింద పెట్టి పూర్తిగా వింది. తర్వాత లాప్‌టాప్ నా వైపు తిప్పింది. తెర మీద మదనపల్లె అవతల మా చిన్న ఊరు, పై నుంచి తీసిన ఫొటో. "అమ్మా, నీ రూట్ చూపించు. ఇల్లు ఎక్కడ, కాలేజీ ఎక్కడ?" ఇల్లు ఉన్నచోట ఎవరిదో మూడంతస్తుల మేడ ఉంది. వీధులు మాత్రం అవే. గీయడం మొదలుపెట్టాను. ఊరికే వేలితో చూపించి ఉంటే సరిపోయేది. కానీ అది ఆ ఫొటోను కాగితం మీద ప్రింట్ తీసి, రంగుల పెన్నులు చేతిలో పెట్టి, "పుష్ చేసిన చోట రెడ్" అంది. నేను నిజాయితీగా రెడ్ పెట్టాను. పెడుతూ పోతే కాలేజీ దాకా ఎరుపే ఎక్కువ. అది మ్యాప్ చూసింది, నన్ను చూసింది, మళ్ళీ మ్యాప్ చూసింది. "బట్ ఇట్స్ ఫ్లాట్. అమ్మా, ఇక్కడ కొండలే లేవుగా. ఎందుకు దిగావు?"

ఎందుకు దిగానో చెప్పాలంటే జేజి దగ్గర మొదలుపెట్టాలి. పొద్దున లేస్తే మా ఇంట్లో మొదట వచ్చేది వేయించిన చెనిక్కాయల వాసన, దాని వెనకే పొయ్యిలో వేపపుల్లల పొగ. జేజి ఆ చెనిక్కాయలతో ఊరిబిండి పచ్చడి నూరుతూ గుంజకు ఆనుకొని కూర్చునేది, పక్కన చిలికిన మజ్జిగ కుండ. మజ్జిగ కోసం నాలుగు వీధుల ఆడవాళ్ళు చెంబులు పట్టుకొని వచ్చేవాళ్ళు. ఒట్టి చేతులతో ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, తలా ఒక వార్త తెచ్చేవాళ్ళు. ఎవరింట్లో చుట్టాలు దిగారు, ఎవరి అరుగు మీద పెండ్లి మాటలు నడుస్తున్నాయి, ఎవరి మామ ఊరి నుంచి వచ్చాడు. జేజి తల ఎత్తకుండా నూరుతూనే అన్నీ వినేది. నేను సంగటి ముద్ద మింగి, పుస్తకాలు క్యారియర్‌కి బిగించేసరికి ఆ రోజు దారి తయారయ్యేది. "ఈ పొద్దు పెద్ద వీధిలో పోవాక మే. ఆ సుబ్బమ్మ అల్లుడు వచ్చినాడంట, అరుగు మీదనే కూచోనుంటాడు. రైస్ మిల్లు ఎనక నుంచి పో. కరణం ఇంటి ముందర దిగు. గుడి కాడ దిగు. పోస్టాఫీసు కాడ దిగు." ఇప్పుడు నీరజ వాగుల గురించి ఎలా లెక్కలు వేస్తుందో, జేజి మనుషుల గురించి అలా వేసేది. ఏ కన్ను ఏ పూట ఎక్కడ పొంగుతుందో ఆమెకు తెలుసు.

మా వైపు అదొక పద్ధతి. పెద్దవాళ్ళు కూర్చున్న చోట సైకిల్ మీద కూర్చొని దాటకూడదు. మగపిల్లలు కూడా దిగేవాళ్ళు, కానీ ఒక కాలు పెడల్ మీద ఉంచి, ఒక కాలితో గెంటుకుంటూ, దిగీ దిగనట్టు దాటేసేవాళ్ళు. ఆడపిల్ల మాత్రం పూర్తిగా దిగాలి, ఓణీ సర్దుకోవాలి, తల వంచుకొని, బండిని గొడ్డును తోలినట్టు తోలుకుంటూ పోవాలి. తమాషా ఏమిటంటే, నాకు సైకిల్ కొనకుండా ఆపాలని జేజి ఏనాడూ చూడలేదు. గుండెలు బాదుకున్నది శేఖర్ కథలో. నాకు తెలిసిన జేజి సైకిల్ వచ్చిన రోజు దాని సీటు మీద చెయ్యి వేసి, "నడుం నొప్పి పుట్టదా మే?" అని మాత్రం అడిగింది. ఒకసారి నేను ఏడుస్తూ ఇంటికొచ్చి, అన్ని చోట్లా దిగేదానికి సైకిలెందుకు, నడిచే పోతానంటే, ఆమె నా మూతి తుడిచి చెప్పింది: "దిగేది వాళ్ళ కోసరం. మలుపు తిరిగినాక ఎక్కేది నీ కోసరం. ఎక్కేది మరిచిపోవాక." అది దయా, కాపలా కాయడమా అని నేను ఇప్పటికీ నాతో నేను పోట్లాడుకుంటూ ఉంటాను. రెండూ కావచ్చు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె చేసిందేదో నా ఎదుటే చేసింది.

నాయన సంగతి వేరు. ఆయన హైస్కూల్ హెడ్మాస్టరు. వార్షికోత్సవాల్లో ఆడపిల్లల చదువు మీద ఆయన మాట్లాడితే చప్పట్లు ఆగేవి కావు, నేనూ చేతులు నొప్పి పుట్టేలా కొట్టేదాన్ని. సాయంత్రాలు టైలరు అంగడి ముందర బల్ల మీద కూర్చునేవాడు, పోస్టుమాస్టరుతో కలిసి. పేపరు ఒకటే, ముందు పేజీ ఒకరికి, లోపలి పేజీ ఒకరికి. ప్రతి శనివారం ఆ టైలరు చిన్న డబ్బాలో కుట్టుమిషన్ నూనె పోసి ఇచ్చేవాడు. నాయన దాన్ని ఇంటికి తెచ్చి, పంచె పైకి కట్టి, నా సైకిల్‌ని తలకిందులు చేసి, ఒక్కొక్క లింకు మీద ఒక్కొక్క బొట్టు వేస్తూ చెయిన్ తిప్పేవాడు. పాత బనియన్ గుడ్డతో తుడిచేవాడు. ఆ నూనె వాసన, ఆయన వేసుకునే నశ్యం వాసన కలిసి మా వసారాలో శనివారం సాయంత్రపు వాసన ఒకటుండేది. ఆ వాసన నాకిష్టం. ఇక్కడ కాన్‌బెర్రాలో ఏ సైకిల్ షాపులోకి వెళ్ళినా ముక్కు దాన్నే వెతుకుతుంది. టైలరు అంగడి ముందర కూడా దిగాలన్నది మాత్రం జేజి పెట్టిన నియమం కాదు. అది ఆయన పెట్టిందే. "మనం నలుగురికి చెప్పేవాళ్ళం పాపా. మనమే హద్దు మీరితే మన మాటెవరు వింటారు?" అన్నాడు. నాకది న్యాయంగానే తోచింది. ఆ వయసులో నాయన ఏది చెప్పినా న్యాయంగానే తోచేది, ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు నమ్మరు.

ఒక శనివారం, ల్యాబ్ అయ్యాక మబ్బు కమ్మింది. నాకు ఒంట్లో బాగాలేదు, ఆడపిల్లలకు నెలనెలా వచ్చేదే, పావడా వెనక మరక పడిందేమోనని భయం. దిగితే కనబడుతుంది, కూర్చొని ఉంటే కనబడదు. అందుకని కరణం ఇంటి ముందర దిగలేదు, గుడి ముందర దిగలేదు, పోస్టాఫీసు దాటేశాను. టైలరు అంగడి దగ్గరకు వచ్చేసరికి నాయన బల్ల మీద ఉన్నాడు. ఆయన కళ్ళు నా కళ్ళను చూశాయి, అందులో నాకు అనుమానం లేదు. నేను బెల్లు కొట్టలేదు, నవ్వలేదు, తొక్కుతూ దాటాను. వెనక నుంచి పోస్టుమాస్టరు గొంతు వినిపించింది: "సార్, ఆ పోయేది మీ పాప కదా?" నాయన గొంతు, వార్షికోత్సవంలో మైకు లేకుండా చివరి వరస దాకా వినబడే ఆ గొంతు, అంది: "మా పాప కాదప్పా. ఎవురో." తిరిగి చూశాను. ముఖానికి పేపరు అడ్డం ఉంది. దాని పక్కనే టైలరు మిషన్ తొక్కడం ఆపేసి నన్నే చూస్తున్నాడు. ప్రతివారం నా చెయిన్‌కని నూనె పోసిచ్చే మనిషి. నా సైకిల్ ఆయనకు తెలియదా? వీధిలో ఇంకో ఆడపిల్ల సైకిల్ ఉందా? ఇంటికొచ్చి బావి దగ్గర నీళ్ళు పోసుకుంటూ నేను పడ్డ సిగ్గు మరక గురించి కాదు. నన్ను నా తండ్రి వద్దనుకునేలా నేనేదో చేశానన్న సిగ్గు. వీపు మీద ఎన్ని చెంబులు పోసుకున్నా అది పోలేదు.

ఇదంతా నీరజకు చెప్పాననుకుంటున్నారా? జేజి దాకా చెప్పాను. నవ్వింది, "జేజి వాజ్ లైక్ జీపీఎస్" అంది. నాయన దగ్గర ఆగిపోయాను, శేఖర్ ముందు ఆయన్ని దించడం ఎందుకులే అని. సరిగ్గా అప్పుడే వీధి అవతలి సుజాత గారు వచ్చారు, గోంగూర కోసుకొని. విజయవాడ వైపు మనిషి, నాకన్నా చిన్న, మంచిదే. టేబుల్ చూసి, "ఏంటండీ ఇది, ఇల్లంతా మ్యాపులు! నీరజ ఎక్కడికి వెళ్తోంది?" అంది. స్కాట్లాండ్ అన్నాను. "ఒక్కతేనా?" అంది. ఆ ప్రశ్నలో ఏముంది? ఏమీ లేదు. మామూలు ప్రశ్న. కానీ నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది. "అబ్బే, ఒక్కతెందుకండీ! ఆఫీసు వాళ్ళ ట్రైనింగ్ అది. టీం అంతా వెళ్తున్నారు. వీకెండ్‌లో ఊరికే కొంచెం సైకిళ్ళు తొక్కుతారట." నీరజ తల ఎత్తింది. శేఖర్ గిన్నె మీద మూత తీసి పప్పు వాసన చూస్తున్నట్టు నటించాడు. మా ఆయన ఇలాంటి సమయాల్లో టీ పెట్టడానికి లేస్తాడు, లేచాడు. సుజాత గారు గోంగూర ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయింది. తలుపు మూసి వెనక్కి తిరిగేసరికి నీరజ పచ్చడి జాడీలు పక్కన పెట్టి మ్యాపులు చుడుతోంది.

"ఏం ట్రైనింగ్ అమ్మా?" అంది. మెల్లగానే అడిగింది. నేను చెప్పాను, సర్దిచెప్పాను, కాస్త గట్టిగానే సర్దిచెప్పాను. నీకేం తెలుసు, నలుగురూ నాలుగు మాటలంటే పడేది నువ్వు కాదు, నేను. ఒక్క అబద్ధంతో నీకు పోయిందేమిటి? అది అంతా విని, ఫోన్ తీసి ఏదో మార్చింది. "కాంటాక్ట్‌గా మామ పేరు పెట్టా" అంది. ఎందుకే అన్నాను. ఈసారి పూర్తిగా తెలుగులోనే చెప్పింది, తడుముకుంటూ, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ. "రెస్క్యూ వాళ్ళు ఫోన్ చేసి ఎందరున్నారని అడుగుతారు అమ్మా. నువ్వు టీం ఉందని చెప్తావేమో. అప్పుడు వాళ్ళు నన్ను వెతకడం లేట్ చేస్తారు. నీకు నా మీద సిగ్గుగా ఉంటే ఓకే. కానీ కొండ మీద అది నాకు డేంజర్." శేఖర్ మెల్లగా, "అట్లా అనకు నీరూ, అక్క కావాలని అన్లేదు" అన్నాడు. నేను వాడి మీద అరిచాను. వాడు కాకపోతే ఇంకెవరు దొరుకుతారు అరవడానికి? అరుస్తూ ఉంటే, నా గొంతు నాకే వినబడింది. వార్షికోత్సవపు గొంతు. చివరి వరస దాకా వినబడే గొంతు.

రెండు రోజులు ఆగి సుజాత గారింటికి వెళ్ళాను. పెరట్లో వంకాయ మొక్కలకు నీళ్ళు పడుతోంది. కూర్చోకుండానే చెప్పేశాను: ట్రైనింగ్ లేదు, టీం లేదు, మా అమ్మాయి ఒక్కతే వెళ్తోంది, గుడారం వేసుకొని కొండల్లో పడుకుంటుంది, నాకు చెప్పడానికి నామోషీ అనిపించి అబద్ధం చెప్పాను అని. ఆమె పైపు కట్టేసి, నీళ్ళు కారే చేతులు చున్నీకి తుడుచుకొని, నన్ను చూసి నవ్వింది. "తెలుసు పద్మజ గారూ. మా పాప నెల క్రితమే చూపించింది, నీరజ ఇన్‌స్టాలో అన్నీ పెడుతోందిగా. ఆ ట్రాకరూ అదీ. మీ నోటితో వినాలనే ఆరోజు ఊరికే అడిగా, మీరేమో ట్రైనింగ్ అన్నారు. సరేలే, మీకలా బాగుందేమో అనుకున్నా." ఆ 'సరేలే' నెమరేసుకుంటూ ఇంటికి నడిచాను. మా టైలరు కూడా ఆ సాయంత్రం 'సరేలే' అనుకొని ఉంటాడు. పోస్టుమాస్టరూ అనుకొని ఉంటాడు. ఊరంతా తెలిసిన సంగతిని ఊరి కోసమే దాచిపెట్టి, దాచిన పాపానికి బిడ్డను మాత్రం ఎవరో అన్నాం, ఆయనా నేనూ.

నీరజ వచ్చేవారం బయల్దేరుతుంది. మాట్లాడుతోంది, ఉండలు డబ్బాలో సర్దుకుంది, రుచి చూసి "టూ మచ్ బెల్లం" అని కూడా అంది. సుజాత గారికి చెప్పొచ్చానని చెబితే నన్నొకసారి దగ్గరకు తీసుకుంది. కానీ మొదటి పేరు మామదే. నా పేరు రెండోది. వాడు ఫోన్ ఎత్తకపోతే నాకు చేస్తారు. అది న్యాయమే, వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. నిన్న అది సామాను సర్దుకుంటూ సైకిల్‌ని గరాజ్‌లో తలకిందులుగా పెట్టింది. అడగకుండానే వెళ్ళి చెయిన్ తుడవడం మొదలుపెట్టాను. ఒక్కో లింకు మీదా ఒక్కో బొట్టు. అది అడ్డు చెప్పలేదు, పెడల్ తిప్పుతూ నిలబడింది.

అప్పుడు తెలిసింది, నేను శేఖర్ కథలో మీసం దగ్గరా ఛాలెంజ్ దగ్గరా ఇన్నాళ్ళూ మనసులోనే అనవసరంగా కొట్లాడాను. నేను కొట్లాడాల్సింది ఆ శనివారం రాత్రి దగ్గర. నేను బావి దగ్గర నుంచి తల తుడుచుకుంటూ వచ్చేసరికి నాయన వసారాలో పంచె పైకి కట్టి, నా సైకిల్ తలకిందులు చేసి, టైలరు ఇచ్చిన నూనె వేస్తున్నాడు. నా వైపు చూడలేదు. మామూలు కన్నా ఎక్కువసేపు తిప్పాడని నాకు అనిపించింది, కానీ అనిపించడమే, ఒట్టేసి చెప్పలేను. జేజి లోపల నుంచి సంగటికి పిలిచింది, ఆయన రానన్నాడు, ఇంకా పని ఉందన్నాడు. ఆ తర్వాత ఆయన బతికిన అన్నేళ్ళలో నేను ఆయనతో ప్రతిదాని మీదా వాదించాను, ఒక్క దీని మీద తప్ప. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. అయినా అడుగుతున్నాను. నాయనా, ఆ మాట నా చెవిన పడిందని నీకు తెలుసా? తెలిసే ఆ రాత్రి చెయిన్‌కి నూనె పెట్టినావా, లేక శనివారమని పెట్టినావా?